కొంచెం పక్కకి జరగండి

మా మొదటి డ్రోను పాయసంలో పడి చచ్చింది.

మండపేటలో ఒక పెళ్ళి. వధూవరుల మెడలోకి దండలు డ్రోను మీద పంపడం ఫ్యాషనయ్యాక ఏ పెళ్ళివారూ అది లేకుండా ఊరుకోవడం లేదు. నేనూ రెండు గులాబీ దండలు కట్టి పంపాను. ఒక దండ జారి రెక్కకి చుట్టుకుంది. డ్రోను గిరగిరా తిరుగుతూ పందిరి దాటి, వంటశాల మీదికి వెళ్ళి, మూడొందల మందికి కాచిన సేమ్యా పాయసం గుండిగలోకి నిటారుగా దిగింది.

ఆ గుండిగ బుల్లబ్బాయిది. మా చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నిటికీ అతనే వంటమేస్త్రీ. నావి ఫొటోలు, అతనివి వంటలు. ఇరవై ఏళ్ళుగా ఏ పెళ్ళిలో చూసినా మేమిద్దరం ఉంటాం, పెళ్ళికొడుకులే మారుతుంటారు. అతను పెద్ద గరిటెతో డ్రోనుని పైకి తీసి నా చేతికిచ్చాడు.

"ఉడికిందో లేదో సూసుకోండి, శేషగిరి గారూ," అన్నాడు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తాయారు మాత్రం నవ్వలేదు. తాయారు నా భార్య, మా స్టూడియోలో సగం. నేను తీసుకొచ్చిన వీడియోలన్నీ కత్తిరించి, అతికించి, రంగులు సరిచేసేది ఆవిడే. ఇంటికి రాగానే ఒకటే మాటంది: "అది రెండు గజాలు ఇటు పడి ఉంటే పెళ్ళికూతురి నాయనమ్మ నెత్తిన పడేది. బీమా లేని డ్రోను ఇంక మన గుమ్మంలోకి రావడానికి వీల్లేదు."

కొత్తది ఎంచుకోవడానికి మాకు మూడు వారాలు పట్టింది. సంబంధం చూడటం కూడా అంత కష్టం కాదు. నాకేమో కాలవగట్టు గాలికి ఊగనిది కావాలి, మంత్రాలు వినపడకుండా తేనెటీగల గుంపులా రొద చెయ్యనిది కావాలి. తాయారుకి పసుపు పసుపులా కనపడాలి. చవక కెమెరాల్లో పసుపు బట్టలు నారింజ రంగుకి తిరుగుతాయి, వాటిని సరిచెయ్యలేక ఆవిడ కళ్ళు పోతాయి. రాజమండ్రిలో దుకాణాలన్నీ తిరిగి చివరికి ఇద్దరికీ నచ్చింది ఒకటి దొరికింది. అప్పుడు బీమా ఏజెంటు పేర్రాజు మా మధ్యలోకి వచ్చాడు.

"డ్రోను ఎవడైనా అమ్ముతాడండి. బీమా ఇచ్చేవాడు దొరకాలి," అన్నాడు. పెళ్ళిళ్ళకి ఎగరేసే డ్రోనంటే కంపెనీలు దడుచుకుంటున్నాయట. ఒక్క కంపెనీ మాత్రం సగం ప్రీమియానికే ఇస్తోంది, కాకపోతే వాళ్ళ పెట్టె ఒకటి డ్రోను కడుపు కింద బిగించుకోవాలి. పెట్టె నిమ్మకాయంత ఉంది. దాని పేరు కావలి.

పేర్రాజు తన ఇంటి పెరట్లో చేసి చూపించాడు. కుంటి ముక్కాలిపీట మీద నీళ్ళ కుండ పెట్టి, డ్రోనుని నేరుగా దాని మీదుగా పంపాడు. డ్రోను కుండ దాకా వచ్చి ఆగి, చుట్టూ తిరిగి అవతలికి పోయింది. పీట కాలు కింద ఇటుకముక్క దోపి మళ్ళీ పంపితే ఈసారి కుండ మీదుగానే సాఫీగా వెళ్ళింది. "పడబోయే దాని దాపులకి పోదండి. ఎందుకు పడుతుందో దానికి తెలీదు. పడుతుందని మాత్రం ముందే తెలుస్తుంది."

"మరి నా నెత్తి మీదికి వస్తే?" అన్నాను.

"మిమ్మల్ని అసలు చూడదండి. రిమోటు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు డ్రైవరు. పరాయివాళ్ళకి దెబ్బ తగిలితేనే కంపెనీ ఇచ్చేది, డ్రైవరుకి తగిలితే సంబంధం లేదు. అందుకని డ్రైవర్ని లెక్కలోకి తీసుకోదు."

తాయారు కుండ వైపే చూస్తోంది. "మనిషి పడబోతున్నా తెలుస్తుందా దానికి?"

"లోపలి సంగతులు నాకెక్కడ తెలుస్తాయమ్మా? సంతకం ఇక్కడండి," అన్నాడు పేర్రాజు.

నేను పెట్టాను. ఆవిడా పెట్టింది.

*

మా స్టూడియోకి ఒక పద్ధతుంది. తలంబ్రాలయ్యాక, భోజనాలకి ముందు, రెండు వైపుల బంధువుల్నీ ఆరుబయట నిలబెట్టి పైనుంచి ఒక ఫొటో తీస్తాం. అందరూ తలలెత్తి చేతులూపాలి. జనం దానికి ఆకాశం ఫొటో అని పేరు పెట్టారు. డ్రోను సరిగ్గా గుంపు నడినెత్తి మీదికి వచ్చి నిలబడితేనే అది కుదురుతుంది.

రామచంద్రపురం పెళ్ళిలో అది రాలేదు. సగం దాకా వచ్చి ఆగింది. వెనక్కి తెచ్చి ఇంకోవైపు నుంచి పంపితే చుట్టూ తిరిగి పోయింది. ఎండ మాడుతోంది, జనానికి ఆకలి మండుతోంది. నాకు పేర్రాజు కుండ గుర్తొచ్చింది గానీ ఇక్కడ కుండలూ లేవు, పీటలూ లేవు. ఒక్కొక్కళ్ళనే జరిపి చూశాను. పెళ్ళికూతురి మేనమామ సుబ్బారాయుడు గారు జరీ కండువాతో పక్కకి రాగానే డ్రోను బుద్ధిగా వచ్చి నిలబడింది. కండువా మెరుపుకి దాని కళ్ళు చెదిరాయని తేల్చుకున్నాను.

"బాబాయి గారూ, కొంచెం పక్కకి జరగండి. ఇంకొంచెం."

"ఇంకా జరిగితే కాలవలో పడతాను బాబూ," అన్నారాయన. అందరూ నవ్వారు. ఆ నవ్వులతో ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది.

నాలుగు నెలల్లో ఇలా నాలుగుసార్లు జరిగింది. ఒకసారి బట్టతల మెరుస్తోందనుకున్నాను, ఒకసారి పట్టుచీర అంచు అనుకున్నాను. ఏదైతేనేం, మందు కనిపెట్టానని గర్వపడ్డాను. తోటి ఫొటోగ్రాఫర్లకి వృత్తి రహస్యం లాగా చెప్పాను కూడా: డ్రోను మొరాయిస్తే గుంపులో ఎవరో ఒకర్ని పక్కకి జరపండి, వచ్చేస్తుంది.

*

స్టూడియోకి రెండు రకాల మనుషులొస్తారు. పెళ్ళి కుదిరినవాళ్ళు, పెద్దకర్మ దగ్గరపడినవాళ్ళు. రెండోవాళ్ళకి దండ వెయ్యడానికి పెద్దది చేసిన ఫొటో కావాలి. మనవాళ్ళు నవ్వుతూ ఫొటో దిగేది ఎవరో ఒకరి పెళ్ళిలోనే కాబట్టి, పోయినవాళ్ళ మంచి ఫొటో దాదాపు ఎప్పుడూ నా దగ్గరే ఉంటుంది.

సుబ్బారాయుడు గారి కొడుకు వచ్చాడు. "నాన్నగారిది ఒకటి పెద్దది చెయ్యాలండి. ఆకాశం ఫొటోలో బాగా నవ్వారని అమ్మ అంటోంది."

తాయారు ఆ ఫొటో తీసింది. నలభై మంది నవ్వుతున్నారు. ఆయన లేరు. చివర ఒక మూల జరీ కండువా కొస మాత్రం ఉంది. ఆ అబ్బాయి దానివంక చాలాసేపు చూసి, "పోనీలెండి, ఆధార్ కార్డులోది ఉంది," అని వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండా ఇంకొకాయన వచ్చాడు. భార్య చంద్రావతి పోయింది, ముప్ఫై నాలుగేళ్ళు. ఆకాశం ఫొటోలో ఆవిడా లేదు. ఆ తర్వాత మూడోవాళ్ళు వచ్చి వెళ్ళిన రోజు మధ్యాహ్నం తాయారు నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. మూడు పెళ్ళిళ్ళ కత్తిరించని వీడియోలు వరసగా పెట్టి వినిపించింది. మూడింట్లోనూ నా గొంతే.

కొంచెం పక్కకి జరగండి. కొంచెం పక్కకి జరగండమ్మా. ఇంకొంచెం.

"నాలుగోవాళ్ళింటికి ఫోన్ చేశాను," అంది తాయారు. "పోయి తొమ్మిది రోజులైందట. ఫొటో కోసం మన దగ్గరికి రాలేదంతే."

నాకు ముందు భయం వెయ్యలేదు, సిగ్గేసింది. నలుగురు మనుషుల్ని వాళ్ళ ఆఖరి ఫొటోలోంచి చెయ్యిపట్టి లాగేసినట్టు లాగేశాను. పైగా అది నా తెలివితేటలనుకున్నాను.

*

కావలిని తయారుచేసిన చోటు విశాఖపట్నంలో ఉంది. తాయారు పట్టుబట్టి వాళ్ళ ఫోన్ నంబరు సంపాదించింది. మమ్మల్ని కలిసిన ఇంజనీరు పేరు స్రవంతి. నలభై ఏళ్ళుంటాయి. ఒక చేతిలో టీ కప్పు, ఒక చేతిలో రిమోటు. హాలు కప్పు కింద ఒక డ్రోను నెమ్మదిగా తిరుగుతోంది. అది తాయారు మీదుగా వెళ్ళింది, నా మీదుగా వెళ్ళింది. ఎప్పుడు పట్టుకున్నానో తెలీదు గానీ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని ఉన్నాను.

నాలుగు పేర్లూ చెప్పాం. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"నడక చూస్తుందండి. ఊపిరి చూస్తుంది. నెత్తురు పోటుకి మొహం రంగు మారుతుంటుంది, మన కళ్ళకి కనపడదు, దానికి కనపడుతుంది. లక్షల మందిని చూపించి నేర్పించాం. పడబోయే కుండకీ మనిషికీ దానికి తేడా లేదు. మూడు నెలల్లోపు పడిపోతారనిపిస్తే వాళ్ళ మీద ఎగరదు."

"ఎంతవరకు నిజమవుతుంది?" తాయారు అడిగింది.

"పదిలో ఆరో ఏడో. జబ్బేమిటో చెప్పలేదు."

"అసలెందుకు పెట్టారు దీన్ని?"

"ఎక్కడో ఒక పెళ్ళిలో ఒకాయన డ్రోను కింద నిలబడి ఉండగా గుండె ఆగి పడిపోయాడు. డ్రోనుకి బెదిరే పోయాడని కేసు వేశారు. కంపెనీ ఓడిపోయింది. ఇంక అలాంటిది జరక్కూడదన్నారు."

"ఆ మనిషికి ఒక్క మాట చెబితే డాక్టరు దగ్గరికి పోతాడు కదండీ," అన్నాను నేను.

స్రవంతి కప్పు కింద పెట్టింది, రిమోటు పెట్టలేదు. "చెప్పి, అది తప్పయితే కంపెనీ జవాబు చెప్పుకోవాలి. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. నేను రెండుసార్లు రాసిచ్చానండి. మీరు సంతకం పెట్టిన కాగితంలో పదకొండో పేరా చూడండి. పెట్టె నడతని బట్టి మూడో మనిషికి ఏం చెప్పినా బీమా రద్దు. కేసు కూడా పెట్టొచ్చు."

లేచేటప్పుడు తాయారు అడిగింది. "మీరు ఆ రిమోటు ఎప్పుడూ కింద పెట్టరా?"

ఆవిడ నవ్వబోయి మానేసింది. "ఇక్కడ పనిచేసేవాళ్ళం ఎవ్వరం పెట్టమండి."

తిరుగు రైల్లో స్రవంతి పిరికితనం గురించి నేను అన్నవరం దాకా మాట్లాడాను.

*

ఆలమూరు పెళ్ళికి మాత్రం ముందే బయానా తీసుకున్నాం, తప్పదు. ఆకాశం ఫొటో మానేశాను. వంటశాల మీదుగా ఒక్కసారి తీస్తే చాలనుకున్నాను. గుండిగల్లోంచి ఆవిర్లు లేస్తుంటే పైనుంచి బావుంటుంది, అది తాయారుకి ఇష్టం.

డ్రోను పొయ్యిల దాకా వచ్చి ఆగింది.

వేడికి అయ్యుంటుందనుకున్నాను. దేవుడా వేడికే కావాలి అనుకున్నాను. అన్నం వార్చే ఆడవాళ్ళు నీళ్ళ కోసం అవతలికి వెళ్ళారు, అయినా రాలేదు. కూరలు తరిగేవాళ్ళు టీకి లేచారు, అయినా రాలేదు. పొయ్యి దగ్గర ఒక్క బుల్లబ్బాయే మిగిలాడు. గుమ్మడికాయ దప్పళం కలుపుతూ తలెత్తి చూశాడు.

"దాని అన్నని పాయసంలో ఉడికించినందుకు దానికింకా నా మీద కోపం పోలేదేటండీ?"

ఏమీ లేదనొచ్చు. పక్కకి జరగమనొచ్చు. పదకొండో పేరా నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. నిజంగా చెబుతున్నాను, ఒక్క క్షణం అవన్నీ ఆలోచించాను. ఆ తర్వాత వెళ్ళి అతని చేతిలో గరిటె తీసుకుని పక్కన పెట్టాను. చెప్పాను. సుబ్బారాయుడు గారి కండువా కొస దగ్గర్నుంచి అంతా చెప్పాను.

అతను చెమట తుడుచుకున్నాడు. "మెట్లెక్కితే ఎడం దవడ లాగుతున్నాదండి. పన్ను అనుకున్నాను." పొయ్యి వైపు చూసి, "దప్పళం అడుగంటుతాది, దించెయ్యనా?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తాయారు అతన్ని రాజమండ్రి ఆస్పత్రికి తీసుకెళ్ళింది. గుండెకి పోయే నాళాలు రెండు మూసుకుపోయాయట, మూడోది సగం. ఇంకో నెల ఆగితే మన చేతుల్లో ఉండేది కాదని డాక్టరు అన్నాడు. బుల్లబ్బాయి బతికాడు.

బతికి ఊరుకుంటే బావుండేది. నెలన్నరకి మళ్ళీ గరిటె పట్టాడు, పట్టిన ప్రతి పెళ్ళిలోనూ నా గొప్పే చెప్పాడు. శేషగిరి గారి డ్రోను మనిషి సావు ముందే సూత్తాదండి, నా పేణం నిలబెట్టింది అదేనండి అని. అతని కృతజ్ఞత నిజం. కానీ శుభమా అని పెళ్ళి చేసుకుంటూ చావు చూసే పిట్టని ఇంటికి ఎవరు పిలుస్తారు? మూడు వారాల్లో ఏడు పెళ్ళిళ్ళు పోయాయి. డ్రోను లేకుండా వస్తానన్నాను. ఒక పెద్దమనిషి మొహమాటం లేకుండానే చెప్పాడు: "మీ మీద కోపమేం లేదండి. మిమ్మల్ని చూస్తే పెళ్ళివారికి అదే గుర్తొస్తుంది." బజార్లో నేను ఎదురైతే జనం వాళ్ళంతట వాళ్ళే పక్కకి జరుగుతున్నారు.

కంపెనీ ఉత్తరం వచ్చింది. బీమా రద్దు. కేసు సంగతి ఆలోచిస్తున్నాం, పెట్టె శుక్రవారం లోపల అప్పగించండి అని.

*

ఇక్కడ నేను దాచిన సంగతి ఒకటుంది. విశాఖపట్నం నుంచి వచ్చాక రోజూ పొద్దున తాయారు డాబా మీద బట్టలారేసే వేళకి, బ్యాటరీ పరీక్షించాలన్న వంకతో డ్రోను ఎగరేసేవాణ్ణి. ఆవిడ నడినెత్తి మీదికి తెచ్చి నిలబెట్టేవాణ్ణి. అది కదలకుండా నిలబడితే ఆ రోజుకి నాకు ఊపిరొచ్చేది. ఆవిడకి తెలీదనుకున్నాను.

గురువారం పొద్దున ఆవిడ ఆఖరి చీర ఆరేసి, క్లిప్పు పెట్టి, నా వైపు చెయ్యి చాపింది.

"రిమోటు ఇలా ఇవ్వండి."

"ఎందుకు?"

"నన్ను చూసింది చాలు. రోజూ చూస్తూనే ఉన్నారుగా."

"గాలి ఎక్కువగా ఉంది," అన్నాను. ఆకు కూడా కదలడం లేదు. "బ్యాటరీ కూడా అయిపోవచ్చింది."

"ఏవండీ," అంది తాయారు. కోపం లేదు ఆ గొంతులో, ఉంటే బావుండేది. "ఇరవై ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నారు. మీరున్న ఫొటో ఒక్కటి కనపడదు నాకు. ఎప్పుడూ కెమెరా వెనకే. ఇప్పుడు దీని వెనక. రైల్లో ఆ స్రవంతిని అన్నన్ని మాటలన్నారు. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి మీరు దీన్ని కింద పెట్టింది నేను చూళ్ళేదు. పక్కలో కూడా తలగడ కిందే ఉంటోంది."

అది నిజం. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, పరాయివాళ్ళందరి నెత్తిమీదా ఎగరేసి చూశాను. విశాఖపట్నంలో నా మీదుగా వెళ్ళి మూడు నెలలైంది, ఆ తర్వాత అది చూడని మనిషి ఒక్కడే, వాడి చేతిలో రిమోటు ఉంది. ఈ సంగతి నాకు ఆవిడకంటే ముందే తెలుసు. భయపడ్డాను, అంతే. బుల్లబ్బాయికి చెప్పడానికి ఉన్న ధైర్యం నాకు నేను చెప్పుకోవడానికి లేదు.

రిమోటు ఇచ్చాను. చేతులు ఖాళీ అయ్యేసరికి ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. వెళ్ళి నీళ్ళ ట్యాంకు ముందు, డాబా మధ్యలో నిలబడ్డాను.

ఆవిడకి ఎగరెయ్యడం బాగానే వచ్చు, నేనే నేర్పాను. డ్రోను చీరల మీదుగా లేచింది. నా వైపు తిరిగింది. మెల్లిగా వస్తోంది. నేను తలెత్తి చూశాను, చేతులూపమన్నట్టు ఉంది. నాలుగు బారల దూరంలో ఆగింది. ఒకసారి అటూ ఇటూ ఊగింది. ఆ తర్వాత నా చుట్టూ, ట్యాంకు చుట్టూ గుండ్రంగా తిరిగి అవతలి పిట్టగోడ మీదికి పోయింది.

తాయారు వెనక్కి తెచ్చి ఇంకోవైపు నుంచి పంపింది. మళ్ళీ అంతే.

అప్పుడు నా కాళ్ళు వాటంతటవే కదిలాయి. సిగ్గుచేటు సంగతి, కానీ చెప్పాలి. ఫొటో పాడవుతోందనే అనిపించింది నాకు. ఎవరో అడ్డంగా ఉన్నారు, వాళ్ళు తప్పుకుంటే డ్రోను వస్తుంది, ఫొటో బావుంటుంది. ఒకడుగు పక్కకి వేశాను. ఇంకో అడుగు.

"జరక్కండి," అంది తాయారు.

ఆగాను.

"మీరు ఎక్కడికీ జరగొద్దు. మళ్ళీ మధ్యలోకి రండి. అక్కడే ఉండండి."

డ్రోనుని చీరల పక్కన దింపేసింది. రిమోటు తీసి పిట్టగోడ మీద పెట్టింది, ఇప్పుడది ఎవరి చేతిలోనూ లేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఫోను తీసుకుని నా ఎదురుగా వచ్చింది. చాలాసేపు గురి చూసింది. ఎండ ఎటుందో చూసుకుని నన్ను కాస్త కుడికి తిరగమంది. ఇన్నేళ్ళు జనానికి చెప్పినవన్నీ నాకు చెప్పింది, తల కొంచెం పైకెత్తండి, భుజాలు వదులు చెయ్యండి అని. నా పెదవులు వణుకుతున్నాయి. అది నవ్వు లాగే వచ్చిందని తర్వాత చూశాను.

"బావుందా?" అన్నాను.

"బావుంది. పదండి, బుల్లబ్బాయిని చూసిన డాక్టరు పదకొండింటికి వస్తాడు. ఇప్పుడున్న బస్సు తప్పితే మళ్ళీ పన్నెండున్నరకి గాని లేదు."

మెట్లు దిగుతున్నాం. ఎప్పుడూ నా వెనక దిగే మనిషి ఆవేళ నాకంటే ఒక మెట్టు ముందు దిగుతోంది, చెయ్యి వెనక్కి చాపి నా చెయ్యి పట్టుకుని. మలుపు దగ్గర ఆగి, ఫోనులో ఆ ఫొటో ఇంకోసారి చూసుకుంది.

"ఇది మాత్రం పెద్దది చెయ్యను," అంది.